ర్యాంకు ఒకటి, అలాట్‌మెంటు ఇంకొకటి: అమెరికా కాలేజ్ హాకీ సీడింగ్ ఎలా నడుస్తుంది?

2024 మార్చి 24, ఆదివారం సాయంత్రం. అమెరికా కాలేజ్ ఐస్ హాకీ జాతీయ టోర్నీలో ఎవరు ఎవరితో, ఎక్కడ ఆడాలో టీవీలో ఒక్కొక్కటిగా చెబుతున్నారు. నేను ఎమ్మెస్ చదివిన రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, మేమంతా ఆర్‌ఐటీ అనే జట్టు, ఆ ఏడాది తన కాన్ఫరెన్స్, అంటే తను ఆడే లీగ్, కప్పు గెలిచి టోర్నీలోకి వచ్చింది. ప్రత్యర్థి బోస్టన్ యూనివర్సిటీ అన్నారు. వేదిక సౌత్ డకోటా రాష్ట్రంలోని సూ ఫాల్స్ అన్నారు.

నిమిషంలో ఫోన్ మోగింది. ఒకప్పటి నా రూమ్మేట్. ఇప్పుడు బోస్టన్ దగ్గర ఉద్యోగం, బోస్టన్ యూనివర్సిటీ జట్టంటే వాడికి ప్రాణం.

"ఒరేయ్, మీరూ తూర్పు వాళ్ళే, మేమూ తూర్పు వాళ్ళమే. ఇక్కడ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మ్యాచ్‌లు ఉన్నాయి, నాకు గంటన్నర దూరం. మనిద్దర్నీ తీసుకెళ్ళి సౌత్ డకోటాలో పడేశారేంట్రా? పైగా ఎక్కడో కొలరాడోలో ఉండే డెన్వర్‌ని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి తెచ్చారు!"

వాడి కోపం న్యాయమైనదే. కానీ ఆ నిర్ణయం వెనక ఒక లెక్క ఉంది, దాని మీద కొన్ని నియమాలున్నాయి. వాడికి ఆ రాత్రి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కొంచెం తీరుబడిగా రాస్తున్నాను. పిల్లల చదువుల వల్లో, సొంత చదువుల వల్లో బోస్టన్, మిన్నెసోటా, మిషిగన్, న్యూయార్క్ వైపు వచ్చి ఈ ఆట మీద ఇష్టం పెంచుకున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రతి మార్చిలోనూ వాళ్ళకి వచ్చే సందేహం ఇదే.

మనకు హాకీ అనగానే గడ్డి మీదో, టర్ఫ్ మీదో ఆడే ఆట గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే ఆట. గోలీతో కలిపి ఒక్కో వైపు ఆరుగురు, నల్లటి రబ్బరు పక్, 20 నిమిషాల పీరియడ్లు మూడు. కాలేజీ స్థాయిలో పై అంచె అయిన డివిజన్ వన్ పురుషుల హాకీలో 60కి పైగా జట్లున్నాయి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాగా ఇది పెద్ద యూనివర్సిటీల ఆట మాత్రమే కాదు. మా ఆర్‌ఐటీ మిగతా ఆటలన్నీ మూడో డివిజన్‌లో ఆడుతుంది, ఒక్క హాకీలోనే పై డివిజన్. చిన్న కాలేజీలు పెద్దవాళ్ళ సరసన నిలబడే అవకాశం ఉండటమే నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది.

ఈ జట్లలో దాదాపు అన్నీ ఆరు కాన్ఫరెన్సుల కింద ఉన్నాయి. హాకీ ఈస్ట్, ఈసీఏసీ, బిగ్ టెన్, ఎన్‌సీహెచ్‌సీ, సీసీహెచ్ఏ, మా అట్లాంటిక్ హాకీ. అట్లాంటిక్ పేరు 2024 వేసవి తర్వాత అట్లాంటిక్ హాకీ అమెరికాగా మారింది. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా లీగ్ మ్యాచ్‌లు. మార్చిలో ప్రతి కాన్ఫరెన్స్ తన సొంత ప్లేఆఫ్ నడుపుతుంది. అందులో కప్పు గెలిచిన ఆరు జట్లకు జాతీయ టోర్నీలో నేరుగా చోటు. మిగతా పది చోట్లు ర్యాంకు చూసి ఇస్తారు. మొత్తం 16 జట్లు. 2003 నుంచి ఈ సంఖ్య ఇలాగే ఉంది, అంతకుముందు 12.

ఎంసెట్ రాసిన వాళ్ళకు ఒక పోలిక చెబితే ఇదంతా సులువుగా అర్థమవుతుంది. ఎంసెట్లో రెండు దశలుంటాయి. మొదట ర్యాంకు వస్తుంది, అది మార్కుల లెక్క, అందులో ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండవు. తర్వాత కౌన్సెలింగ్. అక్కడ లోకల్, నాన్ లోకల్, కేటగిరీ, ఏ కాలేజీలో ఎన్ని సీట్లు అన్న నియమాలన్నీ వచ్చి చేరతాయి. మంచి ర్యాంకు వచ్చినవాడికి ఇంటి పక్క కాలేజీ రాకపోవచ్చు, వెనక ర్యాంకువాడికి రావచ్చు. కాలేజ్ హాకీ సీడింగ్ కూడా అచ్చంగా ఇలాగే రెండు దశల్లో నడుస్తుంది. అభిమానుల గొడవల్లో సగం ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్ల వచ్చేవే. నా మిత్రుడి కోపం అలాట్‌మెంటు మీద, కానీ వాడు తిట్టింది ర్యాంకింగ్‌ని.

ముందు ర్యాంకు సంగతి చూద్దాం.

బాస్కెట్‌బాల్‌లో ఒక కమిటీ గదిలో కూర్చుని, చర్చించుకుని జట్లను ఎంపిక చేస్తుంది. హాకీలో ఆ చర్చ లేదు. ఫార్ములాలో అంకెలు వేస్తే వరస వచ్చేస్తుంది. అందుకే శనివారం రాత్రి కాన్ఫరెన్స్ ఫైనల్స్ అయిపోయేసరికి ఏ 16 జట్లు లోపలో, ఎవరు బయటో అభిమానులందరికీ తెలిసిపోతుంది. ఆదివారం టీవీలో కొత్తగా తెలిసేది ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నదే. ఈ పారదర్శకత నాకు చాలా ఇష్టం. జట్టు బయటికి పోతే బాధపడతాం కానీ అన్యాయం జరిగిందని అనుమానపడం.

2025 దాకా వాడిన పద్ధతి పేరు పెయిర్‌వైజ్. ప్రతి జట్టునూ మిగతా ప్రతి జట్టుతో జతగా పెట్టి మూడు విషయాల్లో పోల్చేవాళ్ళు. ఆర్‌పీఐ అనే రేటింగ్ ఎవరిది ఎక్కువ, ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఎవరు బాగా ఆడారు, ముఖాముఖిలో ఎవరు గెలిచారు. ఎక్కువ పోలికలు గెలిచిన జట్టు పైన. ఇందులో అసలు బరువంతా ఆర్‌పీఐదే. దాని లెక్క ఇలా: జట్టు సొంత గెలుపు శాతానికి 25 శాతం, ప్రత్యర్థుల గెలుపు శాతానికి 21 శాతం, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపు శాతానికి 54 శాతం.

మళ్ళీ చదవండి. మనం గెలిచినదానికి పావు వంతే విలువ. మిగతా ముప్పావు వంతు మనం ఎవరితో ఆడామన్నదానిది.

ఊరికే ఒక ఉదాహరణ కడదాం. ఒక చిన్న కాన్ఫరెన్స్ జట్టు నూటికి 70 మ్యాచ్‌లు గెలిచింది. దాని ప్రత్యర్థుల గెలుపు 0.480, వాళ్ళ ప్రత్యర్థులది 0.490. లెక్క వేస్తే 0.175 + 0.1008 + 0.2646, మొత్తం 0.5404. ఒక పెద్ద కాన్ఫరెన్స్ జట్టు నూటికి 59 మాత్రమే గెలిచింది, కానీ ప్రత్యర్థులది 0.540, వాళ్ళ ప్రత్యర్థులది 0.525. అది 0.1475 + 0.1134 + 0.2835, మొత్తం 0.5444. తక్కువ గెలిచిన జట్టే పైన నిలిచింది. ఐపీఎల్‌లో పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్ చూసి తల పట్టుకుంటాం. ఇక్కడ పాయింట్ల పట్టికకే జాతీయ ర్యాంకుతో నేరుగా సంబంధం లేదు.

దీని మీద ఇంకొన్ని సవరింపులు ఉండేవి. సొంత రింక్‌లో గెలిస్తే 0.8 గెలుపు, బయట గెలిస్తే 1.2 గెలుపు. ఓటమికి దీనికి తలకిందులు, ఇంట్లో ఓడితే దెబ్బ ఎక్కువ. టాప్ 20 జట్ల మీద గెలిస్తే అదనపు బోనస్. మరీ బలహీనమైన జట్టు మీద గెలిచినప్పుడు, ఆ జట్టు బలహీనత వల్ల మన రేటింగ్ తగ్గే పరిస్థితి వస్తే, ఆ గెలుపును లెక్కలోంచి తీసేసేవాళ్ళు. ఈ నియమం మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. గెలిస్తే నష్టపోవడం ఏమిటి? కానీ పైన కట్టిన లెక్కను ఒకసారి తిప్పి చూడండి, నిజంగానే అలా జరుగుతుంది. దాన్ని సరిచేయడానికే ఆ నియమం పెట్టారు.

2025-26 సీజన్ నుంచి పెయిర్‌వైజ్ పోయి ఎన్‌పీఐ వచ్చింది. జంటల పోలికలు లేవు, ఒక్కటే అంకె. ప్రత్యర్థుల ప్రత్యర్థుల దాకా వెళ్ళడం బదులు, ప్రతి ప్రత్యర్థి ఎన్‌పీఐ ఎంతో దాన్నే మన లెక్కలో వాడతారు. ఆ ప్రత్యర్థి ఎన్‌పీఐ మళ్ళీ మన ఎన్‌పీఐ మీద ఆధారపడుతుంది కాబట్టి, అంకెలు కదలకుండా స్థిరపడేదాకా కంప్యూటర్ లెక్కను మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. ఇల్లు, బయట తేడా, మంచి గెలుపు బోనస్ లాంటివి ఇందులోనూ ఉన్నాయి. నా దృష్టిలో ఇది మెరుగైన పద్ధతే. అయితే చిన్న కాన్ఫరెన్స్ జట్టుకు చిక్కు పాతదే. గట్టి జట్లు మనతో ఆడటానికి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా చాలాసార్లు వాళ్ళ రింక్‌కే రమ్మంటాయి.

అందుకే మా అట్లాంటిక్ హాకీ అభిమానికి మార్చి నెల వేరేగా ఉంటుంది. ర్యాంకు ద్వారా లోపలికి వచ్చే ఆశ దాదాపు ఉండదు. కాన్ఫరెన్స్ ప్లేఆఫ్ గెలవాలి, అంతే. బోస్టన్ కాలేజీ తన కాన్ఫరెన్స్ సెమీస్‌లో ఓడినా పర్వాలేదు, ర్యాంకు కాపాడుతుంది. మేము ఓడితే ఆ ఏడాది అక్కడితో సరి. ఆర్‌ఐటీ జాతీయ టోర్నీకి వెళ్ళిన నాలుగుసార్లూ, 2010, 2015, 2016, 2024, కాన్ఫరెన్స్ కప్పు గెలిచే వెళ్ళింది.

ఈ కాన్ఫరెన్స్ ప్లేఆఫ్‌ల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నా వరకు ఏడాది మొత్తంలో అత్యుత్తమ హాకీ అదే. పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. హాకీ ఈస్ట్‌లో ప్రతి దశా ఒక్క మ్యాచే, చివరి రెండు దశలు బోస్టన్‌లోని టీడీ గార్డెన్‌లో. ఈసీఏసీలో క్వార్టర్ ఫైనల్స్ మూడు మ్యాచ్‌ల సిరీస్, ఆ తర్వాత అంతా లేక్ ప్లాసిడ్‌కి వెళతారు. 1980 ఒలింపిక్స్‌లో అమెరికా కుర్రాళ్ళు సోవియట్ జట్టును ఓడించిన రింక్ అది. మూడు మ్యాచ్‌ల సిరీస్ అంటే శుక్రవారం, శనివారం, అవసరమైతే ఆదివారం. అన్నీ పై ర్యాంకు జట్టు సొంత రింక్‌లోనే. సీజన్‌లో ఓవర్‌టైమ్ అంటే ముగ్గురు ముగ్గురుతో ఐదు నిమిషాలు. ప్లేఆఫ్‌లో అలా కాదు, పూర్తి జట్లతో 20 నిమిషాల పీరియడ్లు, గోల్ పడేదాకా ఎన్నైనా. శుక్రవారం రాత్రి రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి ఓడిన కుర్రాళ్ళు శనివారం సాయంత్రం మళ్ళీ స్కేట్లు కట్టుకుని వస్తుంటే, స్టూడెంట్ సెక్షన్ లేచి నిలబడి అరుస్తుంటే, ఆ రింక్‌లో ఉండాలి. మా రింక్ పేరు జీన్ పొలిసెనీ సెంటర్, పట్టేది 4,300 మంది. నేను రాచెస్టర్‌లో దిగిన 2014లోనే అది తెరిచారు. కార్నర్ క్రూ అని పిలిచే మా విద్యార్థుల గుంపులో నిలబడి ఈ ఆట నేర్చుకున్నాను.

కాన్ఫరెన్స్ ప్లేఆఫ్‌కీ జాతీయ ర్యాంకుకీ ముడిపడే చోటే అసలు టెన్షన్. ర్యాంకులో వెనక ఉన్న జట్టు తన కాన్ఫరెన్స్ కప్పు గెలిచి నేరుగా లోపలికి వచ్చిందంటే, ర్యాంకు మీద ఆశ పెట్టుకున్న జట్లలో చివరిది బయటికి పోతుంది. ఆ అంచు మీద ఉన్న జట్లను బబుల్ మీద ఉన్నాయంటారు. దీనికి 2013లో యేల్ యూనివర్సిటీ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఏడాది ఈసీఏసీ సెమీస్‌లో యేల్ 5-0తో యూనియన్ చేతిలో ఓడింది. మర్నాడు మూడో స్థానం మ్యాచ్‌లో 3-0తో క్విన్నిపియాక్ చేతిలో ఓడింది. రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లేదు. ఇక తన చేతిలో ఏమీ లేదు. ఆదివారం సీసీహెచ్ఏ ఫైనల్లో మిషిగన్ గెలిస్తే యేల్ ఇంటికే. నోటర్‌డేమ్ 3-1తో మిషిగన్‌ను ఓడించింది. వరసగా 22 ఏళ్ళు టోర్నీ ఆడిన మిషిగన్ బయట పడింది, యేల్ చివరి చోట్లో లోపలికి వచ్చింది. ఆ యేల్ ఏం చేసిందో తర్వాత చెబుతాను.

ఇక రెండో దశ, కౌన్సెలింగ్.

16 జట్లను ర్యాంకు వరసలో నాలుగు గుంపులు చేస్తారు. 1 నుంచి 4 వరకు మొదటి సీడ్లు, 5 నుంచి 8 రెండో సీడ్లు, 9 నుంచి 12 మూడో సీడ్లు, మిగతా నలుగురు నాలుగో సీడ్లు. దేశంలో నాలుగు చోట్ల నాలుగు రీజనల్ టోర్నీలు. ఒక్కో చోటికి ఒక్కో గుంపు నుంచి ఒక జట్టు. అక్కడ రెండు రౌండ్లు, ఓడితే ఇంటికి. నలుగురు విజేతలు ఫ్రోజెన్ ఫోర్ అనే ఆఖరి దశకు. అంకెల ప్రకారం పోతే 1కి 16, 2కి 15, 8కి 9 ఇలా జతలు పడాలి. మొదటి ర్యాంకు జట్టును ముందుగా, దాని ఊరికి దగ్గరి వేదికలో పెడతారు. తర్వాత రెండు, మూడు, నాలుగు.

ఇంతవరకు అంతా సాఫీ. దీని మీద రెండు నియమాలు కూర్చుంటాయి. ఒకటి, రీజనల్‌కి ఆతిథ్యం ఇస్తున్న యూనివర్సిటీ జట్టు టోర్నీకి వస్తే, దాన్ని సొంత రీజనల్‌లోనే ఆడించాలి. వేదికలు ఏళ్ళ ముందే ఖరారవుతాయి, అప్పటికి ఎవరు ఎంపికవుతారో తెలియదు. ఆతిథ్య జట్టు ఉంటేనే టికెట్లు అమ్ముడవుతాయి కాబట్టి ఈ ఏర్పాటు. రెండు, ఒకే కాన్ఫరెన్స్ జట్లను మొదటి రౌండ్‌లో ఒకరితో ఒకరిని పెట్టకూడదు. సీజనంతా ఒకరితో ఒకరు ఆడినవాళ్ళను మళ్ళీ జాతీయ టోర్నీలో కూడా మొదటి రోజే తలపడమనడం బాగుండదు.

ఇప్పుడు 2024 ముడి విప్పుదాం. మొదటి నాలుగు సీడ్లు వరసగా బోస్టన్ కాలేజీ, బోస్టన్ యూనివర్సిటీ, డెన్వర్, మిషిగన్ స్టేట్. వేదికలు ప్రావిడెన్స్, స్ప్రింగ్‌ఫీల్డ్, సూ ఫాల్స్, సెయింట్ లూయిస్ పక్కనున్న మేరీలాండ్ హైట్స్. స్ప్రింగ్‌ఫీల్డ్‌కి ఆతిథ్యం యూమాస్, అంటే మసాచుసెట్స్ యూనివర్సిటీది. ఆ యూమాస్ నాలుగో సీడ్ల గుంపులో టోర్నీలోకి వచ్చింది. మొదటి నియమం ప్రకారం యూమాస్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉండాలి. నాలుగో సీడ్ కాబట్టి మొదటి మ్యాచ్ అక్కడికి వచ్చే మొదటి సీడ్‌తోనే. యూమాస్ హాకీ ఈస్ట్ జట్టు. బోస్టన్ కాలేజీ, బోస్టన్ యూనివర్సిటీ రెండూ హాకీ ఈస్టే. రెండో నియమం ప్రకారం ఆ రెండింటిలో ఏదీ స్ప్రింగ్‌ఫీల్డ్‌కి రావడానికి వీల్లేదు. బోస్టన్ కాలేజీ అందరికన్నా పైన, దానికి ప్రావిడెన్స్ ఇచ్చేశారు. తూర్పున వేరే వేదిక లేదు. బోస్టన్ యూనివర్సిటీ పశ్చిమానికి వెళ్ళక తప్పదు, దాని వెంట 15వ ర్యాంకులో ఉన్న మేమూ. ఖాళీ అయిన స్ప్రింగ్‌ఫీల్డ్‌కి డెన్వర్ వచ్చింది.

ఎవరి మీదా కక్ష లేదు. నాలుగో సీడ్ జట్టు ఒకటి ఆతిథ్య జట్టు కావడంతో గొలుసు అక్కడ మొదలై సౌత్ డకోటాలో తేలింది. ఫోన్లో ఇదంతా విని నా మిత్రుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మరి ఆ డెన్వర్ వాళ్ళ పరిస్థితి ఆలోచించావా?"

సరైన ప్రశ్న అదే. డెన్వర్ దేశంలో మూడో ర్యాంకు. దాని బహుమతి ఏమిటంటే దేశం సగం దాటి వచ్చి, యూమాస్ క్యాంపస్‌కి పాతిక మైళ్ళ దూరంలో, యూమాస్ అభిమానుల మధ్య ఆడటం. ఏడాది తిరక్కుండా ఇదే మళ్ళీ జరిగింది. 2025లో మెయిన్ రాష్ట్ర యూనివర్సిటీకి మూడో ర్యాంకు, హాకీ ఈస్ట్ కప్పు కూడా వాళ్ళదే. మొదటి మ్యాచ్ పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో, ఆతిథ్య జట్టు పెన్ స్టేట్‌తో. నియమం ప్రకారం పై సీడ్‌కి హోమ్ టీమ్ హోదా ఉంటుంది, అంటే ఆట ఆగినప్పుడు ఆటగాళ్ళను ఆఖరున మార్చుకునే హక్కు. ప్రత్యర్థి ఎవరిని దింపాడో చూసి మన లైన్ దింపడం చిన్న లాభమేమీ కాదు. కానీ హాలు నిండా పెన్ స్టేట్ జనం. పెన్ స్టేట్ 5-1తో గెలిచింది. తర్వాత కనెక్టికట్‌ని ఓవర్‌టైమ్‌లో ఓడించి మొదటిసారి ఫ్రోజెన్ ఫోర్‌కి వెళ్ళింది. పెన్ స్టేట్ బాగా ఆడింది, ఆ గెలుపు వాళ్ళదే. అయితే సీజనంతా కష్టపడి మూడో ర్యాంకు తెచ్చుకున్న జట్టు, మొదటి మ్యాచే ప్రత్యర్థి జనం మధ్య ఆడాల్సి రావడం నాకు మింగుడుపడదు.

ఇంత లెక్క చేసి ఇచ్చిన సీడ్ ఆటలో ఎంత పనికొస్తుంది? చాలా తక్కువ. ఇది ఒప్పుకోవడానికి కొత్త అభిమానులకు కొన్నేళ్ళు పడుతుంది.

ఒక మ్యాచ్‌లో గెలిచే అవకాశం 65 శాతం ఉన్న బలమైన జట్టును తీసుకోండి. మూడు మ్యాచ్‌ల సిరీస్ అయితే ఆ జట్టు గెలిచే అవకాశం దాదాపు 72 శాతానికి పెరుగుతుంది. అదే జట్టు జాతీయ కప్పు కోసం వరసగా నాలుగు ఒంటి మ్యాచ్‌లు గెలవాలంటే అవకాశం 18 శాతం. అంటే ప్రతి ప్రత్యర్థి కన్నా స్పష్టంగా మెరుగైన జట్టు కూడా ఐదేళ్ళకు ఒకసారైనా గెలుస్తుందన్న నమ్మకం లేదు. దానికి తోడు హాకీలో గోల్స్ తక్కువ. ఒక గోలీ ఆ రాత్రి గోడలా నిలబడితే, ఒక పక్ ఎవరి స్కేట్‌కో తగిలి లోపలికి పోతే, ఆరు నెలల ర్యాంకు అక్కడితో అయిపోతుంది. సెయింట్ క్లౌడ్ స్టేట్ 2018లో దేశంలో మొదటి సీడ్, ఎయిర్ ఫోర్స్ చేతిలో 4-1తో మొదటి రౌండ్‌లోనే ఓడింది. 2019లో మళ్ళీ మొదటి సీడ్, అమెరికన్ ఇంటర్నేషనల్ అనే చిన్న కాలేజీ చేతిలో 2-1తో మళ్ళీ మొదటి రౌండ్‌లోనే. ఓడించిన రెండూ మా అట్లాంటిక్ హాకీ జట్లే.

మరి మా సంగతి. 2010లో నేనింకా ఇండియాలోనే ఉన్నాను, ఆర్‌ఐటీ డెన్వర్‌ని 2-1తో, న్యూ హ్యాంప్‌షైర్‌ని 6-2తో ఓడించి ఫ్రోజెన్ ఫోర్‌కి వెళ్ళిన కథ సీనియర్లు చెబితే విన్నదే. 2015 మాత్రం నా కళ్ళముందు జరిగింది. 16 జట్లలో మాది 16వ స్థానం, ఎదురుగా దేశంలో మొదటి సీడ్ మిన్నెసోటా స్టేట్. ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో మ్యాచ్. రూమ్‌లో ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. వండుకున్న పప్పన్నం పళ్ళేల్లోనే ఉండిపోయింది. 2-1తో గెలిచాం. బయట ఇంకా మంచు కరగలేదు. చెప్పుల్లో బయటికి పరిగెత్తి అరిచిన రాత్రి అది. తర్వాతి మ్యాచ్‌లో ఒమాహా మమ్మల్ని 4-0తో ఓడించింది. అయినా ఆ ఒక్క గెలుపే నన్ను ఈ ఆటకు జీవితాంతం కట్టేసింది.

చివరి చోట్లో వచ్చిన 2013 యేల్? మొదటి రౌండ్‌లో దేశంలో రెండో ర్యాంకు మిన్నెసోటాను ఓవర్‌టైమ్ మొదలైన తొమ్మిదో సెకనులో ఓడించింది. తర్వాత నార్త్ డకోటాను, సెమీస్‌లో యూమాస్ లోవెల్‌ను. పిట్స్‌బర్గ్‌లో ఫైనల్, ఎదురుగా క్విన్నిపియాక్. ఆ సీజన్‌లో యేల్‌ని మూడుసార్లు ఓడించిన జట్టు, మూడు వారాల ముందే 3-0తో ఓడించిన జట్టు. నాలుగోసారి యేల్ 4-0తో గెలిచి కప్పు ఎత్తింది.

ఇక్కడే కాలేజ్ హాకీలో ఏళ్ళ తరబడి నడుస్తున్న వాదన వస్తుంది. రీజనల్స్‌ని తటస్థ నగరాల్లో పెట్టడం మానేసి, మొదటి రౌండ్‌ని పై సీడ్ల క్యాంపస్ రింకుల్లో ఆడించాలా? ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1991 దాకా మొదటి రౌండ్లు క్యాంపస్‌ల మీదే, ఒక్క మ్యాచ్‌తో తేల్చకుండా జరిగేవి. మహిళల టోర్నీలో ఇప్పటికీ రీజనల్స్ పై సీడ్ల క్యాంపస్‌లోనే జరుగుతాయి.

తటస్థ వేదిక కావాలనేవాళ్ళ మాటలో బలం లేకపోలేదు. ఒక్క మ్యాచ్‌తో సీజన్ ముగిసే చోట ఎవరికీ ఇంటి లాభం ఉండకూడదంటారు. డబ్బున్న పెద్ద కాన్ఫరెన్సుల జట్లే ఎప్పుడూ పై సీడ్లు తెచ్చుకుంటాయి, క్యాంపస్ మ్యాచ్‌లు వాళ్ళకే మేలంటారు. వారం ముందు చెప్పి వేల మందికి, టీవీ వాళ్ళకి ఏర్పాట్లు చేయడం అన్ని కాలేజీల వల్లా కాదంటారు. మా ఆర్‌ఐటీ అభిమానుల్లో చాలామందిది ఇదే మాట. 2015 మ్యాచ్ సౌత్ బెండ్‌లో కాక మిన్నెసోటా స్టేట్ సొంత ఊరు మాంకేటోలో జరిగి ఉంటే గెలిచేవాళ్ళమా? బహుశా గెలిచేవాళ్ళం కాదు.

ఇది తెలిసీ నేను క్యాంపస్ వైపే ఉన్నాను. మొదటి కారణం, ఇప్పుడున్నది నిజంగా తటస్థం కాదు. డెన్వర్‌కి స్ప్రింగ్‌ఫీల్డ్, మెయిన్‌కి అలెన్‌టౌన్ తటస్థం ఎలా అవుతాయి? ఇంటి లాభం ఎలాగూ ఎవరో ఒకరికి దక్కుతోంది, దాన్ని ఎక్కువ గెలిచినవాళ్ళకి ఇవ్వకుండా ఏళ్ళ ముందు హాలు బుక్ చేసుకున్నవాళ్ళకి ఇస్తున్నాం. రెండోది, ఆ ఖాళీ కుర్చీలు. ఆతిథ్య జట్టు లేని రీజనల్ మ్యాచ్ చూడండి. వారం తిరిగేలోపు వెయ్యి మైళ్ళు విమానంలో వెళ్ళి హోటల్లో దిగే స్తోమత విద్యార్థులకి ఎక్కడిది? సీజనంతా డ్రమ్ములు కొట్టిన పిల్లలు ల్యాప్‌టాప్ ముందు ఉంటారు, సీజన్‌లోకెల్లా పెద్ద మ్యాచ్ సగం ఖాళీ హాల్లో జరుగుతుంది. రెండు వారాల ముందు కాన్ఫరెన్స్ ప్లేఆఫ్‌లో హోరెత్తిన రింకులు అప్పుడు తాళాలు వేసి ఉంటాయి. మూడోది ర్యాంకు సంగతే. ఆరు నెలల లెక్క తీసి ఒక జట్టు మరొకదాని కన్నా మేలని తేల్చాక, ఆ తేల్చినదానికి ఏదో ఒక విలువ ఉండాలి. ఒక్క మ్యాచ్ టోర్నీలో ఇవ్వగలిగిన విలువ సొంత రింక్ ఒక్కటే.

2024 ఎలా ముగిసిందో చెప్పాలి. సూ ఫాల్స్‌లో మేము 6-3తో బోస్టన్ యూనివర్సిటీ చేతిలో ఓడాం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో డెన్వర్ రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి యూమాస్‌ని 2-1తో గెలిచింది. తర్వాత కార్నెల్‌ని 2-1తో. సెయింట్ పాల్‌లో జరిగిన ఫ్రోజెన్ ఫోర్‌లో నా మిత్రుడి బోస్టన్ యూనివర్సిటీని ఓవర్‌టైమ్‌లో 2-1తో, ఫైనల్లో మొదటి సీడ్ బోస్టన్ కాలేజీని 2-0తో ఓడించింది. నాలుగు మ్యాచ్‌ల్లో ఇచ్చింది మూడే గోల్స్. అందరికన్నా చెడ్డ అలాట్‌మెంటు వచ్చిన జట్టు తన పదో జాతీయ కప్పుతో ఇంటికి వెళ్ళింది. మరే కాలేజీకీ అన్ని కప్పులు లేవు.

ఫైనల్ అయిన రాత్రి నా మిత్రుడు మళ్ళీ ఫోన్ చేశాడు. "నువ్వు చెప్పే క్యాంపస్ పద్ధతే ఉంటే, మీరు మా ఆగానిస్ ఎరీనాకి వచ్చి ఆడేవాళ్ళు. మా జనం మధ్య. ఇంకా ఘోరంగా ఓడేవాళ్ళు, తెలుసా?" అన్నాడు.

తెలుసన్నాను. రాచెస్టర్ నుంచి బోస్టన్ ఆరు గంటల డ్రైవ్. పొద్దున్నే పులిహోర కట్టుకుని కారు తీసేవాణ్ణని, వాడి ఇంట్లోనే దిగేవాణ్ణని కూడా చెప్పాను.